ఆర్వీ ప్రయాణం, బెల్లం తిన్న చేప

మా కుక్క పేరు బెల్లం. రంగు చూసి మా అబ్బాయి పెట్టిన పేరు. లాబ్రడార్‌లో ఇంకేదో కలిసిన జాతి. ఆరేళ్లు, ముప్పై కిలోలు. గత జూన్‌లో దాన్ని వెంటబెట్టుకుని కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి ఒరెగన్‌లోని న్యూపోర్ట్ దాకా సముద్రతీరం వెంబడి ఆర్వీలో, అంటే లోపలే వండుకుని పడుకునే పెద్ద బండిలో, వెళ్లాం. నేను, మా ఆయన, పదకొండేళ్ల మా అబ్బాయి, ఇండియా నుంచి వచ్చిన మా నాన్న. రానూపోనూ దాదాపు 1,300 మైళ్లు. ఈ తీరానికి కుక్కతో వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. అది తెలియక నేను బెల్లాన్ని పోగొట్టుకోబోయాను. ముఖ్యంగా అందుకే ఇది రాస్తున్నాను.

ఆర్వీయే ఎందుకంటే, నాన్నకు బయటి తిండి పడదు. బెల్లాన్ని బోర్డింగ్‌లో వదిలితే రెండు రోజులు అన్నం ముట్టదు. వంటిల్లు, మంచాలు, కుక్క, అన్నీ ఒకేచోట ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండదనిపించింది. నాన్న ఆర్టీసీలో ముప్పై ఒక్కేళ్లు డ్రైవరుగా చేశారు. ఎక్కువ కాలం అవనిగడ్డ డిపోలోనే. అమ్మ పోయాక మా దగ్గరికి రావడం ఇదే మొదటిసారి. ఇంట్లో కూర్చోబెడితే రోజంతా కిటికీలోంచి రోడ్డు చూస్తూ ఉండేవారు. పెద్ద బండిలో తిప్పితే ఆయన ముఖంలో కాస్త వెలుగు వస్తుందని నాకు ఆశ.

బండి క్లాస్ సి అనే రకం. పాతిక అడుగుల పొడవు, పదకొండు అడుగుల పైన ఎత్తు. డ్రైవరు సీటు మీద ఒక మంచం, వెనక ఒక మంచం. మధ్యలో టేబుల్‌ని కిందికి దించితే మూడోది. కుక్కని ఎక్కిస్తున్నామని ముందే చెప్పి, దానికి వేరే ఫీజు కట్టాం. అద్దెకిచ్చినవాళ్లు గంటసేపు అన్నీ చూపించారు. మంచినీళ్ల ట్యాంకు, వాడిన నీళ్ల ట్యాంకు, టాయిలెట్ ట్యాంకు, గ్యాస్, జనరేటర్. ఆ గంటా ఫోన్‌లో వీడియో తీసుకోవడం మేం చేసిన మంచి పని. తర్వాత కనీసం ఐదారుసార్లు అది చూసుకున్నాం.

మా ఆయనకు వెన్నునొప్పి ఉంది, ఎక్కువసేపు స్టీరింగ్ ముందు కూర్చోలేరు. అందుకని నేనే నడపాలి. నాన్న ఒక ఖాళీ పార్కింగ్ స్థలానికి తీసుకెళ్లమని, గంటన్నర నాతో తిప్పించారు. "వెనక చక్రాల తర్వాత ఇంకా ఇంత బాడీ ఉంది చూడు. నువ్వు కుడికి తిప్పితే తోక ఎడమకి కొడుతుంది. మొదట అద్దంలో తోక చూసుకో, ఆ తర్వాతే స్టీరింగ్ తిప్పు" అన్నారు. పెట్రోలు బంకుల్లో, క్యాంప్‌గ్రౌండ్‌లలో ఆ ఒక్క మాట నన్ను ఎన్నిసార్లు కాపాడిందో చెప్పలేను. బండి ఎత్తు ఎంతో కాగితం మీద రాయించి నా కళ్ల ముందే అతికించారు కూడా.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం బండిని ఇంటి ముందు పెట్టి, బెల్లానికి అన్నం అందులోనే పెట్టాం. దాని పాత దుప్పటి టేబుల్ పక్క సీటు మీద పరిచాం. ఛాతీ పట్టీ వేసి, ఆ సీటు బెల్టుకే తగిలించాం. నడిచే బండిలో కుక్క అటూ ఇటూ తిరగకూడదు. గట్టిగా బ్రేకు వేస్తే దానికీ దెబ్బే, మనకీ దెబ్బే. అయినా మొదటి గంట బెల్లం వణుకుతూనే ఉంది. కారణం మాకు వెంటనే తెలియలేదు. అలమరలో గిన్నెలు, స్పూన్లు, పెనం ప్రతి గతుకుకీ గలగలమంటున్నాయి. రోడ్డు పక్కన ఆపి, కంచాల మధ్య తువ్వాళ్లు పెట్టి, స్పూన్లన్నీ ఒక గుడ్డలో చుట్టేశాం. పది నిమిషాల్లో బెల్లం తల వాల్చి పడుకుంది.

తీరం చల్లగానే ఉంటుంది గానీ, అక్కడికి చేరేలోపు దారి లోపలి నుంచి వెళ్తుంది. యుకాయా దగ్గర ఆ మధ్యాహ్నం ఎండ 38 డిగ్రీలు దాటింది. కుక్క ఉన్నవాళ్లు ఇక్కడొకటి గుర్తుపెట్టుకోవాలి. ఆర్వీ కప్పు మీది ఏసీ మామూలుగా బ్యాటరీతో నడవదు. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు తగిలించుకుంటేనో, జనరేటర్ వేస్తేనో నడుస్తుంది. లోపల ఏసీ ఉంది కదా అని కుక్కని వదిలి వెళ్తే, కరెంటు పోయినా జనరేటర్ ఆగినా మనకు తెలిసేలోపు ఘోరం జరిగిపోతుంది. మేం ఈ ప్రయాణంలో బెల్లాన్ని బండిలో ఒంటరిగా ఒక్కసారి కూడా వదల్లేదు. ఎవరో ఒకరం దాని దగ్గర ఉన్నాం. ఆ ఒకరు ఎక్కువసార్లు నాన్నే.

తీరం వెంబడి వచ్చే ఒకటో నంబరు రోడ్డు లెగెట్ దగ్గర, మేం వెళ్తున్న 101 నంబరు హైవేలో కలుస్తుంది. ఆ కలిసే ముందు భాగం అంతా ఒకదాని మీద ఒకటి మెలికలు. పాతిక అడుగుల బండితో, కుక్కతో అటు వెళ్లడం వద్దనుకుని 101 మీదే ఉండిపోయాం. 101 కూడా ఘాటు రోడ్డే. దిగుడు వచ్చిన చోట నేను బ్రేకు మీద కాలు పెట్టి ఉంచుతుంటే నాన్న ఊరుకోలేదు. "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలమ్మా. బ్రేకు కాలిపోతుంది" అన్నారు. ఆటోమేటిక్ బండి నాన్నా అంటే, మీట పక్కనున్న బొత్తాం చూపించి, ఇది దేనికి అని అడిగారు. బరువు లాగేటప్పుడు వాడే మోడ్ అది. నొక్కితే ఇంజనే బండిని పట్టి ఉంచింది. నా వెనక కార్లు ఐదు చేరితే రెండు వరసల రోడ్డులో పక్కకి తీసి దారి ఇవ్వాలని కాలిఫోర్నియా చట్టం. ఆ లెక్క నాన్నే పెట్టుకున్నారు. "నాలుగు... ఐదు. పక్కకి తియ్యి" అనేవారు. వెళ్లిపోయిన ప్రతి కారుకీ చెయ్యి ఊపేవారు.

అవెన్యూ ఆఫ్ ద జెయింట్స్ అని 31 మైళ్ల పాత రోడ్డు ఉంది, రెడ్‌వుడ్ చెట్ల మధ్య నుంచి పోతుంది. అక్కడి కాలిబాటల మీదికి కుక్కల్ని రానివ్వరు. రెడ్‌వుడ్ నేషనల్, స్టేట్ పార్కుల్లోనూ దాదాపు అంతే. క్యాంప్‌గ్రౌండ్, పార్కింగ్, కొన్ని బీచ్‌లు తప్ప కుక్కకి ప్రవేశం లేదు. ఆరడుగుల తాడు ఉండాల్సిందే. రేబిస్ టీకా కాగితం దగ్గర పెట్టుకోవాలి. మేం ఇద్దరిద్దరుగా విడిపోయి చెట్లు చూసొచ్చాం. నాన్న ఒక చెట్టు మొదలుకి చెయ్యి ఆనించి చాలాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడ్డారట, అబ్బాయి వచ్చి చెప్పాడు.

క్యాంప్‌గ్రౌండ్‌లో మొదటి పని బండిని సమంగా నిలపడం. వాలుగా ఉంటే గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ సరిగా పనిచేయదు, రాత్రి తల కిందికీ కాళ్లు పైకీ అవుతాయి. నాన్న టేబుల్ మీద గ్లాసు నిండా నీళ్లు పెట్టి, ఏ వైపు ఒలుకుతుందో చూసి, ఏ చక్రం కింద ఎన్ని ప్లాస్టిక్ దిమ్మలు వేయాలో చెప్పేవారు. వంట గురించి కూడా చెప్తాను. 30 ఆంపియర్ల కరెంటు మీద ఏసీ, మైక్రోవేవ్, ఇన్‌స్టంట్ పాట్ మూడూ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది. లోపల పోపు పెడితే పొగ అలారం మోగుతుంది. ఆ మోతకి బెల్లం బెదిరిపోయి మంచం కింద దూరింది. అప్పట్నుంచి పోపు బయట చిన్న స్టవ్ మీదే. పప్పు, చారు, అన్నం, ఊరగాయ. చలిలో ఆ చారు తాగినప్పుడు కలిగిన హాయి ఏ రెస్టారెంటులోనూ దొరకదు.

టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయడమంటే అందరికీ భయం. పద్ధతి తెలిస్తే పది నిమిషాల పని. గొట్టం గట్టిగా బిగించి ముందు టాయిలెట్ ట్యాంకు వదలాలి, ఆ తర్వాత వాడిన నీళ్లది. ఆ నీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. టాయిలెట్ ట్యాంకు వాల్వు రోజూ తెరిచి ఉంచకూడదు. నీళ్లు పోయి గట్టిది లోపలే ఉండిపోతుంది. మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారిగా వదలాలి. ఈ పని మా ఆయన తీసుకున్నారు, చివరిదాకా ఒక్క చుక్క కిందపడలేదు.

మూడో రోజు క్రెసెంట్ సిటీ చేరాం. రోడ్డు పక్కన నీలం బోర్డులు, వాటి మీద అల బొమ్మ. సునామీ ప్రమాద ప్రాంతం మొదలైందని ఒకటి, దాటిపోయారని ఇంకొకటి. 1964 మార్చిలో అలాస్కా భూకంపం వల్ల పుట్టిన సునామీ ఈ ఊరి నడిబొడ్డును తుడిచేసింది. పదిమందికి పైగా చనిపోయారు. అబ్బాయి అది చదివి చెప్తే నాన్న తల ఊపి ఊరుకున్నారు.

ఆయనది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడ్డప్పుడు పాతికేళ్లవాడు. ఆ రోజు గురించి నాకు చిన్నప్పట్నుంచి తెలిసింది చాలా తక్కువ. నాన్న చెప్పేవారు కాదు. ఆ రాత్రి క్యాంప్‌గ్రౌండ్‌లో అందరం పడుకున్నాక, బెల్లం తాడు నాన్న విప్పుతున్న చప్పుడు వినబడి లేచాను. తలుపు తీస్తే పారిపోతుందేమోనని రాత్రిళ్లు దాన్ని టేబుల్ కాలికి కట్టేవాళ్లం. "కట్టెయ్యొద్దమ్మా" అన్నారు. "ఆ రోజు గొడ్లన్నీ గుంజలకే ఉన్నాయి. నీళ్లు వచ్చినప్పుడు విప్పే టైము లేకపోయింది. విప్పినవి కొన్ని ఎక్కడో ఒడ్డు పట్టాయి. కట్టేసినవి ఒక్కటీ మిగల్లేదు." అంతే చెప్పారు. బెల్లం వచ్చి ఆయన మంచం పక్కన పడుకుంది. ఆ తర్వాత ఏ రాత్రీ దాన్ని కట్టలేదు. తలుపుకి లోపల గడియ వేసుకున్నాం.

ఈ తీరంలో సముద్రం చూడడానికి నెమ్మదిగా ఉన్నట్టుంటుంది. ఉన్నట్టుండి ఒక అల మిగతావాటికంటే చాలా దూరం పైకి వచ్చేస్తుంది. కుక్క కోసం నీళ్లలోకి దిగి మనుషులు పోయిన సంఘటనలు ఉన్నాయి. సముద్రానికి వీపు తిప్పొద్దని బోర్డులు పెట్టారు. నాన్న ఆ బోర్డు చదవకముందే మా అబ్బాయికి అదే మాట చెప్పారు. తడి ఇసుకలో దుంగలుంటే వాటి మీద నిలబడనివ్వలేదు.

ఒరెగన్‌లో అడుగుపెట్టాక బెల్లానికి పండగే. 1967లో వచ్చిన చట్టం వల్ల అక్కడి ఇసుక తీరం ప్రజలందరిదీ. కుక్కల్ని చాలా బీచ్‌లలో రానిస్తారు. మార్చి 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ప్లోవర్ అనే చిన్న పిట్ట ఇసుకలో గుడ్లు పెట్టే చోట్ల మాత్రం కుక్కలకు ప్రవేశం లేదు, బోర్డులు చూసుకోవాలి. బ్రూకింగ్స్ దగ్గర హారిస్ బీచ్‌లో పొగమంచులో రాళ్ల మధ్య బెల్లం పరుగు చూసి, నాన్న గట్టిగా నవ్వారు. అమ్మ పోయాక ఆయన అలా నవ్వడం నేను వినలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం గోల్డ్ బీచ్‌లో ఆగాం. రోగ్ నది అక్కడ సముద్రంలో కలుస్తుంది. వసంతకాలపు చినూక్ సాల్మన్ పట్టేవాళ్ల పడవలు, ఒడ్డున చేపలు కోసుకునే బల్లలు. మేం పెరుగన్నం తింటున్నాం. బెల్లం రాళ్ల మధ్య ఏదో వాసన చూసి, ఒక చేప తల, దానితోపాటు కొంత పేగు నోట కరుచుకుంది. మా ఆయన లాగేయబోయారు. "చేపే కదా, పోనీండి" అన్నాను నేను. నాన్న కూడా "మన దగ్గర కుక్కలు అవే తిని బతుకుతాయి" అన్నారు. మా ఊరి రేవులో చేపలు బాగుచేసేవాళ్ల చుట్టూ కుక్కలు కూర్చునే ఉంటాయి, తలకాయలు విసిరితే తింటాయి. ముల్లు గుచ్చుకుంటుందేమోనని మాత్రం నోరు తెరిచి చూశాం. ఏమీ లేదు. మర్చిపోయాం.

తర్వాతి ఐదు రోజులు ఎంత బాగా గడిచాయో. ఫ్లోరెన్స్ దగ్గర ఇసుక దిబ్బలు. కూస్ బే నుంచి న్యూపోర్ట్ దాకా ఐదు పెద్ద వంతెనలు. కాండే మెకల్లా అనే ఇంజనీరు వేసిన నమూనాలు (ఆల్సీ బే మీదిది మాత్రం 1991లో కొత్తగా కట్టింది), మొదటివన్నీ 1936లో పూర్తయ్యాయి. అంతకుముందు ఆ పాయలన్నీ బల్లకట్ల మీదే దాటేవారని తెలిసి నాన్నకు ఎంత సంతోషమో. పులిగడ్డ వారధి రాకముందు ఆయన కూడా కృష్ణ దాటింది అలాగే. ప్రతి వంతెన అవతల బండి ఆపించి, దిగి, కమానులు లెక్కపెట్టేవారు.

పదకొండో రోజు పొద్దున న్యూపోర్ట్‌లో బెల్లం అన్నం ముట్టలేదు. నీళ్లు తాగి కక్కింది. మధ్యాహ్నానికి విరేచనాలు. సాయంత్రానికి తోక కూడా కదపడం లేదు. ప్రయాణపు అలసటేమో, తెల్లారి చూద్దామా అని నేను అన్నాను. నాన్న దాని చెవులు పట్టి చూసి, "కాలిపోతోంది. రేపటిదాకా వద్దు" అన్నారు. క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే పెద్దావిడ అప్పటికప్పుడు ఫోన్ చేసి, ఆ వేళలో తెరిచి ఉన్న పశువుల డాక్టరు దగ్గరికి పంపించారు.

డాక్టరమ్మ జ్వరం చూశారు. 104.8. మెడ కింద తడిమి, గ్రంథులు వాచాయన్నారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "ఈ రెండు వారాల్లో పచ్చి చేప ఏమైనా తిన్నదా?" నా గొంతులో మాట ఆగిపోయింది. తేదీ, చోటు, టైము అన్నీ మా అబ్బాయి చెప్పాడు. ఆ రోజు తీసిన ఫొటోలో టైము ఉంది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఈ తీరపు నదుల్లో ఒక రకం నత్త ఉంటుంది. ఆ నత్తలో పెరిగే చిన్న పురుగు నీళ్లలోకి వచ్చి సాల్మన్, ట్రౌట్ లాంటి చేపల కండలోకి చేరుతుంది. ఆ పురుగులో ఒక బ్యాక్టీరియా ఉంటుంది. కుక్క ఆ చేపని పచ్చిగా తింటే పురుగు పేగులకు అతుక్కుంటుంది, బ్యాక్టీరియా ఒళ్లంతా పాకుతుంది. తిన్న వెంటనే ఏమీ కనిపించదు. దాదాపు వారం తర్వాత మొదలవుతుంది. ఉత్తర కాలిఫోర్నియా నుంచి వాషింగ్టన్ రాష్ట్రం దాకా ఈ తీరమంతా ఉన్న జబ్బే. వైద్యం అందకపోతే చాలా కుక్కలు వారం పది రోజుల్లో చనిపోతాయి. సమయానికి గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్‌తో బతుకుతాయి. బాగా ఉడికించిన చేపతో ఈ ప్రమాదం లేదు. మన ఊళ్లో కుక్కలకు ఏమీ కాకపోవడానికి కారణం, ఆ నత్తా ఆ పురుగూ అక్కడ లేకపోవడమే.

మలం పరీక్షలో ఆ పురుగు గుడ్లు కనిపించాయి. సెలైన్ ఎక్కించి, డాక్సీసైక్లిన్ మొదలుపెట్టి, పురుగుకి ప్రాజిక్వాంటెల్ ఇచ్చారు. ఆ రాత్రి దాన్ని అక్కడే ఉంచుకున్నారు. మేం ఆర్వీని ఆసుపత్రి వెనక స్థలంలో పెట్టుకుంటామంటే ఒప్పుకున్నారు. నలుగురిలో ఎవరికీ నిద్ర లేదు. నాన్న ముందు సీట్లో కూర్చుని ఆ తలుపు వైపే చూస్తూ ఉన్నారు. "నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది" అని రెండుసార్లు అన్నారు. ముందు అన్నది నేను. అదే చెప్పాను.

మర్నాడు సాయంత్రానికి జ్వరం దిగింది. మూడో రోజు పొద్దున తోక కదిపింది. పెరుగన్నం పెడదామని నాన్న కలిపి తెచ్చారు గానీ, డాక్సీసైక్లిన్ వేసినప్పుడు పాలు, పెరుగు ఇస్తే మందు ఒంటికి సరిగా పట్టదని డాక్టరమ్మ వద్దన్నారు. మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పు లేని చికెన్ కలిపి నాన్న చేత్తో పెడితే నాలుగు ముద్దలు తిన్నది.

బండి అద్దె రెండు రోజులు పొడిగించుకుని, తీరం వదిలి ఐదో నంబరు ఇంటర్‌స్టేట్ మీద ఇంటికొచ్చాం. లోపలి ఎండకి దారంతా జనరేటర్ వేసే ఉంచాం. మాత్రలు ఇంకో పది రోజులు వేశాం. మళ్లీ మలం పరీక్ష చేయిస్తే గుడ్లు లేవు.

నాన్న ఆగస్టులో వెళ్లిపోయారు. వీడియో కాల్ చేస్తే ముందు అడిగేది, "తిన్నదా?" అని. ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో కొలత కట్టి చెప్తాను. తర్వాత ఫోన్ కిందికి దించి బెల్లం ముఖం చూపిస్తాను.